లీకు చిన్నదే... లెక్కే పెద్దది!

పొద్దున్నే వాకిట్లోంచి బండి బయటికి తీస్తే కింద రూపాయి బిళ్లంత మరక. నిన్నా అక్కడే ఉంది. మొన్న తుడిచిన చోటే మళ్లీ వచ్చింది. కల్లాపి చల్లినా పోదు, ముగ్గేసినా దాగదు. 'ఏదో కాస్త ఆయిలేగా' అనుకుని కిక్కు కొట్టి వెళ్లిపోతారు. పండగ వచ్చేసరికి ఆ రూపాయి బిళ్ల కాస్తా అరిసెంత అవుతుంది!

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు లాంటి చోట ఈ మరకకు మరో తోడు కూడా ఉంది. అదే దుమ్ము. చుట్టుపక్కల సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి వచ్చిపోయే లారీలు. షిఫ్టుకు వెళ్లే కార్మికుడికైనా, పురుగుమందు డబ్బా కట్టుకుని చేనుకు వెళ్లే రైతుకైనా, సామాన్ల కోసం కోదాడ వెళ్లొచ్చే కుటుంబానికైనా మోటారుసైకిలే దిక్కు. ఇంజిను మీద జారిన ఆయిలుకు ఆ దుమ్ము పట్టి అట్ట కడుతుంది. ఆ అట్ట కింద లీకు ఎక్కడుందో కనిపెట్టడం గడ్డివాములో సూదిని వెతకడమే.

ఇలాంటి ఊళ్లో మెకానిక్ షాపు ముందు వినిపించే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

''ఏంది బాబాయ్, మళ్లీ వచ్చినవ్?''

''మొన్ననే గదరా గమ్ము పెట్టించింది. మళ్లా కారుతాంది.''

''అది చవకది బాబాయ్. ఈసారి మంచిది పెడదాంలే!''

తప్పు నిజంగా ఆ గమ్ముదేనా? చవకది కాబట్టే నిలవలేదా? ఖరీదైనది పూస్తే ఆగిపోతుందా? చాలాసార్లు ఈ మూడు ప్రశ్నలకూ జవాబు 'కాదు' అనే.

చెంచాడు నూనె... చేటంత ఖర్చు

ఇప్పుడు రోడ్ల మీద తిరిగే మోటారుసైకిళ్లలో దాదాపు అన్నిటికీ గేర్‌బాక్సు విడిగా ఉండదు. ఇంజిను, క్లచ్చు, గేర్లు... అన్నీ ఒకే ఇంట్లో కాపురం. అందరికీ ఒకటే ఆయిలు. వంద సీసీ బండిలో పట్టేదే ఇంచుమించు లీటరు. రోజుకు టీచెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు కారిందనుకోండి. 50 రోజుల్లో పావు లీటరు మాయం! ఉన్నదాంట్లో నాలుగో వంతు పోయినట్టే. మిగిలిన ఆయిలే ఎక్కువసార్లు తిరిగి ఎక్కువ వేడెక్కుతుంది. గేరు పళ్లు అరుగుతాయి. బేరింగులు మోత మొదలెడతాయి. పిస్టను దాకా వస్తే ఇంజిను పట్టేస్తుంది.

ఇంకో ప్రమాదం ఖర్చుకు సంబంధించింది కాదు. చైను పక్క నుంచి కారే ఆయిలు గాలికి వెనక చక్రం వైపు చిమ్ముతుంది. టైరుకు నూనె అంటితే మలుపులో బండి జారుతుంది. వెనక సీట్లో ఉండేది భార్యాపిల్లలే కదా!

పాత బండ్ల కథ కాస్త వేరు. ఒకప్పటి బుల్లెట్లలో ఇంజినుకు ఒక ఆయిలు, గేర్‌బాక్సుకు ఇంకో ఆయిలు, రెండూ వేర్వేరు పెట్టెలు. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లలో ఇంజినుకు పెట్రోలుతో కలిసే నూనె, గేర్లకు విడిగా గేరాయిలు. ఈ తేడా ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే... ఏ గమ్ము కొనాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు దొంగను పట్టాలి

గమ్ము కొనకముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి పెద్దగా ఖర్చేమీ ఉండదు. ఇంజిను చల్లారాక కిరోసినో డీజిలో బ్రష్షుతో రాసి మట్టి అంతా కడిగేయాలి. బట్టతో తుడిచి బాగా ఆరనివ్వాలి. తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు తెచ్చి అనుమానం ఉన్న చోటల్లా చల్లాలి. ఇంట్లో అడిగి తీసుకుంటే మంచిది! రెండు మూడు కిలోమీటర్లు నడిపి చూస్తే తెల్లటి పౌడరు మీద నల్లటి గీత కనిపిస్తుంది. ఆయిలు కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదే అసలు దొంగ.

ఆ దొంగ చాలాసార్లు కేసింగుల అతుకు కానే కాదు. చైను తిప్పే చిన్న పళ్లచక్రం వెనక ఒక రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది. గేరు రాడ్డు లోపలికి వెళ్లే చోట ఇంకోటి. కిక్ రాడ్డు దగ్గర మరోటి. ఏళ్ల తరబడి వేడికీ దుమ్ముకీ వీటి పెదాలు గట్టిబడి అరిగిపోతాయి. అక్కడ పైపైన గమ్ము మెత్తితే ఏమవుతుంది? రాడ్డు తిరగ్గానే ఊడిపోతుంది. తిరిగే చోట గమ్ము నిలవదు. అక్కడ సీలు మార్చడమే మందు. అదేమంత ఖరీదైన వస్తువూ కాదు.

కింద ఆయిలు దించే బోల్టు దగ్గర తడి కనిపిస్తే వాషరు మార్చి చూడాలి. ఒకసారి నలిగిన వాషరు రెండోసారి సరిగ్గా కూర్చోదు. వాషరు బదులు గమ్ము పెట్టి బిగిస్తే ఈసారికి ఆగుతుందేమోగానీ, వచ్చేసారి ఆయిలు మార్చినప్పుడు మళ్లీ మొదటికే.

ఇంకో ముఖ్యమైన సంగతి... ఇంజినుకు ఊపిరి గొట్టం ఉంటుంది. లోపల వేడికి పెరిగిన గాలి దాన్లోంచే బయటికి పోవాలి. పొలంగట్ల బురదతోనో, దుమ్ము ముద్దతోనో అది పూడుకుపోతే లోపలి ఒత్తిడికి ఆయిలు ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి తన్నుకొస్తుంది. ఆయిలు గీత దాటి పోసినా ఇదే బాధ. గొట్టం శుభ్రం చేస్తే రూపాయి ఖర్చు లేకుండా లీకు ఆగిన బండ్లు ఎన్నో!

ప్యాకింగు ఉన్నచోట ప్యాకింగే

ఇవేవీ కావు, అతుకు దగ్గరే కారుతోందని తేలింది. అప్పుడైనా గమ్ము కొట్టుకు పరుగెత్తక్కర్లేదు. ఆ అతుకులో కంపెనీ ఏం పెట్టిందో ముందు చూడాలి. క్లచ్ కవరు కింద సాధారణంగా పేపరు ప్యాకింగు ఉంటుంది. చాలా బండ్లలో రెండు కేసింగుల మధ్యా ప్యాకింగే. అలాంటప్పుడు ప్యాకింగు తీసేసి ఒట్టి గమ్ముతో అతికిస్తే పెద్ద చిక్కు. ఆ పేపరు మందం లెక్కేసుకునే లోపల గేర్ల ఇరుసులకు అటూఇటూ కాస్త సందు వదులుతారు. ప్యాకింగు తీస్తే ఆ సందు తగ్గి గేర్లు బిగుసుకుంటాయి. మందపాటి అట్ట పెడితే సందు పెరిగి వదులవుతాయి.

పూర్వం విడిభాగాలు దొరక్కపోతే ప్యాకింగు షీటును కేసింగు మీద పరిచి, అంచుల వెంట సుత్తితో సుతారంగా తట్టి అచ్చంగా కోసేవారు. అత్యవసరమైతే పెళ్లి శుభలేఖ అట్ట కూడా పనికొచ్చేది! ఆ నైపుణ్యం గొప్పదే. అయితే ప్యాకింగు దొరుకుతున్నప్పుడు దాన్నే వేయడం మేలు. దానికి రెండు వైపులా గ్రీజు పల్చగా రాస్తే వచ్చేసారి చిరగకుండా ఊడి వస్తుంది. కేసింగు అంచు మీద గీతలుంటే ప్యాకింగుతో పాటు పల్చటి గమ్ము పూత చాలు.

కంపెనీయే ప్యాకింగు లేకుండా ఒట్టి గమ్ముతో అతికించిన చోట మాత్రం గమ్మే వాడాలి. ఆర్‌ఎక్స్ 100 కేసింగుల అతుకు అలాంటిదే.

లక్క ఇంటి నుంచి సిలికాన్ దాకా

గమ్ముల్లో తాతలాంటిది షెలాక్. పేరు ఇంగ్లిషుదైనా వస్తువు మనదే. పాండవులను కాల్చేయాలని దుర్యోధనుడు కట్టించిన ఇల్లు గుర్తుందా? అదే లక్క! చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు వదిలే జిగురును శుద్ధి చేసి స్పిరిట్‌లో కరిగిస్తే షెలాక్. మన దేశంలో లక్క ఎక్కువగా పండేది జార్ఖండ్‌లో. ఏటికొప్పాక బొమ్మల మీద తళతళలాడేదీ ఈ లక్కే. గేర్‌బాక్సు అతుకులో గోధుమరంగు పాకంలా కనిపించేదీ ఇదే. ధర తక్కువ. ఆయిలుకు చెక్కుచెదరదు. పేపరు ప్యాకింగుకు తోడుగా బాగా పనిచేస్తుంది. కాకపోతే ఆరాక పెళుసుబారుతుంది. అదురుకు బీటలిస్తుంది. ప్యాకింగు లేకుండా ఒంటరిగా నిలవలేదు. స్పిరిట్‌లో కరిగేది కాబట్టి పెట్రోలు తగిలేచోట ఇప్పుడు అసలు వాడకూడదు. దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 కల్లా వచ్చేసింది. ఇథనాల్ అంటే స్పిరిట్ తమ్ముడే మరి!

ఇక ఈ కాలపు హీరో సిలికాన్. అమెరికాలో 1943లో డౌ కార్నింగ్ కంపెనీ పుట్టింది. యుద్ధవిమానాల ఇంజిన్లలో కరెంటు నిప్పురవ్వ పుట్టించే భాగాలకు తేమ తగలకుండా కాపాడే సిలికాన్ పదార్థంతోనే అది మొదలైంది. ఆ వంశంలోదే ఇప్పుడు ట్యూబుల్లో దొరికే ఆర్‌టీవీ సిలికాన్. దీన్ని కాల్చనక్కర్లేదు, ఎండబెట్టనక్కర్లేదు. గాల్లోని తేమను పీల్చుకుని మామూలు వేడికే రబ్బరులా మారుతుంది. అదురును తట్టుకుంటుంది. ఫోర్ స్ట్రోక్ బండి గేర్‌బాక్సుకు తక్కువ ఖర్చులో సరిపోయేది ఇదే.

అయితే 'సిలికాన్' అని రాసినవన్నీ ఒకటి కావు. కిటికీ అద్దాలకూ బాత్రూము మూలలకూ పూసే సిలికాన్ ఇంకా చవగ్గా వస్తుంది. అదే పూసేద్దామన్న ఆశ పుడుతుంది. దాని మూత తీస్తే పచ్చళ్లలో పోసే వెనిగరు వాసన గుప్పున కొడుతుందా? అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదిలే రకం. ఆమ్లం లోహానికి మంచిది కాదు. పైగా వేడి ఆయిల్లో నానేందుకు తయారుచేసింది కాదు కాబట్టి కొన్నాళ్లకు ఉబ్బి జారిపోతుంది. ఇంజినుకు వాడేదాని మీద 'ఆయిలును తట్టుకుంటుంది' అన్న మాట, 'న్యూట్రల్' లేదా 'ఆక్సిమ్' అన్న మాట ఉంటాయి. అనాబాండ్, లోక్టైట్, త్రీబాండ్ లాంటి పేర్లు చూసినంత మాత్రాన చాలదు. ఆ కంపెనీలన్నీ రకరకాల గమ్ములు చేస్తాయి. ట్యూబు వెనక అక్షరాలు చదవాల్సిందే.

ఖరీదు పెంచే మాట ఇంకోటి ఉంది... 'హై టెంపరేచర్'. మూడొందల డిగ్రీల వేడికి ఆగుతుందని గొప్పగా రాస్తారు. నిజమే కావచ్చు. కానీ గేర్‌బాక్సులో అంత వేడి ఎక్కడిది? అక్కడి ఆయిలు వేడి సాధారణంగా నీళ్లు మరిగే వేడికి అటూఇటూగా ఉంటుంది. మామూలు ఇంజిన్ సిలికాన్ రెండొందల డిగ్రీలు తట్టుకుంటుంది. సైలెన్సరు దగ్గర అవసరమైన గుణానికి గేర్‌బాక్సు దగ్గర డబ్బు పోయడం ఎందుకు? రంగును చూసి మోసపోవద్దు కూడా. ఎరుపు, నలుపు, బూడిద రంగులకు అన్ని కంపెనీల్లో ఒకే అర్థం ఉండదు.

మరి ఆర్‌ఎక్స్ 100 సంగతేంటి? టూ స్ట్రోక్ ఇంజిన్లో కేసింగు లోపలికే పెట్రోలు వస్తుంది. పెట్రోలు తగిలితే సిలికాన్ ఉబ్బి మెత్తబడుతుంది. అతుకు వదిలితే గాలి లోపలికి పీల్చుకుని స్టార్టింగు ట్రబులు మొదలవుతుంది. గేరాయిలు లోపలికి చేరి సైలెన్సరు పొగ గొట్టమైపోతుంది. కాబట్టి ఇక్కడ 'పెట్రోలును తట్టుకుంటుంది' అని రాసినదే కొనాలి. రోల్స్‌రాయిస్ తన విమాన ఇంజిన్ల కోసం తయారుచేయించిన హైలోమార్ ఇలాంటిదే. ఇది ఎప్పటికీ గట్టిపడదు, జిగురుగానే ఉంటుంది. ధర ఎక్కువ, చిన్న ఊళ్లలో దొరకడం కష్టం.

గాలి తగలకపోతేనే గట్టిపడే విచిత్రమైన రకం కూడా ఉంది. అమెరికా ప్రొఫెసరు వెర్నన్ క్రీబుల్ 1953లో కనిపెట్టిన లోక్టైట్ మొదలైంది దీంతోనే. రెండు లోహాల మధ్య చిక్కుకుంటే బిగుస్తుంది, బయట మిగిలింది ద్రవంగానే ఉంటుంది. నున్నటి అంచులకు భేషైనది. గీతలు పడిన పాత కేసింగులకు, పేపరు ప్యాకింగులకు మాత్రం ఇది నప్పదు.

చవకంటే ఎంత?

ఇప్పుడు లెక్కకొద్దాం. గేర్‌బాక్సు అంచు చుట్టుకొలత 60 సెంటీమీటర్లు అనుకుందాం. 2 మిల్లీమీటర్ల మందాన ఒక్క వరస గమ్ము పెడితే పట్టేది 2 మిల్లీలీటర్ల లోపే. అంటే 25 గ్రాముల బుల్లి ట్యూబు పది పన్నెండు బండ్లకు వస్తుంది! కాబట్టి ఒక బండి కోసం పెద్ద ట్యూబు కొనడం దండగ. మూత తీశాక తేమ తగిలి లోపలిది గడ్డకడుతుంది. చిన్నది కొనండి. మూతి దగ్గర కాస్త గమ్ము అలాగే వదిలి గట్టిగా మూత పెడితే, ఆ చివరిదే బిరడాలా ఆరి మిగిలినదాన్ని కాపాడుతుంది. కొనేముందు తయారీ తేదీ చూడండి. దుకాణం ముందు ఎండలో నెలల తరబడి వేలాడినది సగం ధరకిచ్చినా వద్దు.

అదే గేర్‌బాక్సు విప్పాలంటే? ఆయిలు పారబోయాలి. చాలా బండ్లలో ఇంజినే కిందికి దించాలి. కొత్త ఆయిలు, కొత్త ప్యాకింగు, మెకానిక్ కూలి, ఒక రోజు పని పోవడం... ఈ బిల్లులో గమ్ముది చిట్టచివరి వరస. పది రూపాయలు మిగిలిందని బాత్రూము గమ్ము పెడితే, మూడు నెలలకు పై వరసలన్నీ మళ్లీ మొదటి నుంచీ కట్టాలి. అసలు చవకంటే ట్యూబు ధర కాదు... ఎన్నిసార్లు విప్పాల్సి వస్తుందన్నదే.

పని పూతలోనే ఉంది

ఎంత మంచి గమ్మైనా మురికి అంచు మీద నిలవదు. పాతదంతా తీసేయాలి. అందుకు స్క్రూడ్రైవరు వాడితే మెత్తటి అల్యూమినియం మీద గాట్లు పడతాయి. ఆ గాట్లే రేపటి లీకులు. పాత బ్లేడుతో పడుకోబెట్టి నెమ్మదిగా గీకాలి. తర్వాత థిన్నరుతో తుడిచి ఆరనివ్వాలి. వేలికి నూనె అంటకూడదు.

గమ్మును గోడకు సున్నం కొట్టినట్టు పులమకూడదు. తెగకుండా ఒక్కటే సన్నటి గీత... బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి. ఎక్కువైతే బయటికి వచ్చింది అందరికీ కనిపిస్తుంది. లోపలికి వచ్చింది ఎవరికీ కనిపించదు! అది ఆరి, వానపాములా తెగి, ఆయిల్లో పడి, చివరికి జల్లెడకు అడ్డంపడుతుంది. ఆయిలు పైకి ఎక్కదు. లీకు ఆపబోయి ఇంజిను పోగొట్టుకోవడమంటే ఇదే.

పైన తడి పొర ఆరకముందే, నిమిషాల్లోనే కేసింగు కూర్చోబెట్టాలి. బోల్టులు ఒక వైపు నుంచి వరసగా కాకుండా ఎదురెదురువి, కొంచెం కొంచెంగా బిగించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. పొడవాటి పానా పట్టి బలమంతా చూపిస్తే అల్యూమినియంలో మర జారిపోతుంది.

ఇక పగుళ్లు. చైను తెగి కొట్టుకుంటే పళ్లచక్రం పక్కన కేసింగు పగులుతుంది. రెండు ముద్దలు కలిపి పూసే ఎంసీల్ లాంటివి దారిలో ఆగిపోకుండా ఇంటికి చేర్చడానికి పనికొస్తాయి. అది తాత్కాలికమే. విప్పి, ఆయిలు మరకల్లేకుండా కడిగి, ఆర్గాన్ వెల్డింగు చేయించడమే శాశ్వత మందు.

ఒక్క రాత్రి...

ఇన్ని చేశాక చాలామంది తప్పేది ఆఖరి మెట్టు దగ్గరే. సిలికాన్ పూర్తిగా గట్టిపడాలంటే ఒక రోజు పడుతుంది. బిగించిన గంటకే ఆయిలు పోసి, కిక్కు కొట్టి, గేర్లు మారిస్తే పచ్చి అతుకులోంచి వేడి ఆయిలు దారి చేసుకుంటుంది. ఆ దారి ఇక మూసుకోదు. తప్పంతా గమ్ము మీదికే పోతుంది. మెకానిక్ ఆగమనే అంటాడు. సాయంత్రానికల్లా కావాలని తొందరపెట్టేది బండి యజమానే. ఆ తొందరనూ తప్పుపట్టలేం. బండి లేకపోతే షిఫ్టుకు వెళ్లడమెలా? తెల్లవారుజామున చేనుకు మోటారు వేయడమెలా?

అందుకే ముందే చూసుకోవాలి. ఫ్యాక్టరీలో వారం సెలవుకు ముందు రోజు సాయంత్రం బండి షాపులో పెడితే రాత్రంతా, మర్నాడంతా అతుకు ఆరుతుంది. పంట కోతల ముందు, శివరాత్రి జాతరకు ఇంటిల్లిపాదీ బయల్దేరబోయే ముందు కాకుండా నెల ముందే పని పెట్టుకుంటే ఎవరికీ హడావుడి ఉండదు. ఓపికతో పెట్టిన మామూలు గమ్ము ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఓపిక లేకపోతే విమానాల గమ్ము తెచ్చినా వారానికే కారుతుంది.

బండి తెచ్చుకున్న మర్నాడు పొద్దున్నే దాని కింద ఓ పాత పేపరు పరిచి చూడండి. చుక్క లేకపోతే ఆ బాబాయి మళ్లీ షాపుకు వెళ్లాల్సిన పనిలేదు. వాకిట్లో ముగ్గు కూడా ముగ్గులాగే ఉంటుంది!